ఇరవైకి అరవై మూడు

మా ఆయన హిందూపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. నేను పెనుకొండలో ప్రభుత్వ బడిలో లెక్కల టీచరును. పొద్దున ప్యాసింజరు బండికి వెళ్ళి, సాయంత్రం ఏ బస్సు దొరికితే ఆ బస్సులో ఇంటికి వచ్చేదాన్ని. ఇద్దరూ లెక్కల వాళ్ళే అయితే ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు మేడమ్ అని బడిలో నవ్వేవాళ్ళు. మేము నిజంగానే లెక్కలు మాట్లాడుకునేవాళ్ళం. కూరలో ఉప్పెక్కువైన రోజు కూడా నిష్పత్తులతో పోట్లాడుకునేవాళ్ళం.

మాకు ఒక్కతే అమ్మాయి. దానికి గోళం ఉపరితల వైశాల్యాన్ని ఆయన బత్తాయి పండుతో నేర్పాడు. పండును సగానికి కోసి, ఆ సగాన్ని కాగితం మీద బోర్లించి చుట్టూ పెన్సిల్ తిప్పి నాలుగు వృత్తాలు గీశాడు. తొక్కంతా చిన్న ముక్కలు చేసి వృత్తాల్లో పరచమన్నాడు. నాలుగూ నిండేసరికి తొక్క అయిపోయింది. "చూసినావా పాపా, సూత్రం పుస్తకంలో పుట్టలేదు. పండులోనే ఉండాది" అన్నాడు. అది ఆ కాగితాన్ని తొక్క ఎండిపోయేదాకా దాచుకుంది. పెద్దయ్యాక లెక్కలే చదువుతానని అందరితో చెప్పేది.

అంత మంచి మాస్టరును ఒక మంచి ప్రశ్నే పట్టుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి అడిగిందట. "సార్, 'పై' అనేది కరణీయ సంఖ్య, భిన్నంగా రాయలేమని మొదటి పాఠంలో చెప్పినారు. ఈ పాఠంలో ఇరవై రెండు బై ఏడు అని భిన్నమే రాస్తాండారు. ఏది నిజం సార్?"

ఆ సాయంత్రం అన్నం తింటూ ఆ సంగతి నాకు చెబుతుంటే ఆయన ముఖం వెలిగిపోతూ ఉంది.

"ఏం చెప్పారు?" అన్నాను.

"రేపు చెప్తానన్నా. నువ్వయితే ఏం చెప్తావు?"

"ఇరవై రెండు బై ఏడు దాదాపు విలువ అని చెప్తాను."

"దేనికి దాదాపు? అసలును ఎవురన్నా చూసినారా? మూడు పాయింటు ఒకటి నాలుగు అని మొదలుపెడితే అది యాడా ఆగదు. ఎదురుగా చెంబు ఉండాది. దాని అంచు ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికే వచ్చి ఆగుతాది. నా చేతిలో పట్టేంత ఉండాది. దాని కొలత మాత్రం ఎప్పటికీ అయిపోదంటే ఎట్ల?"

ఆ మాట నన్ను కూడా ఆలోచింపజేసింది. ఇన్నేళ్ళుగా నేను పిల్లలకు 'అట్లా తీసుకోండి' అని చెప్పి బోర్డు తుడిచేస్తూ వచ్చాను. ఆయన ఆ 'అట్లా' దగ్గర ఆగాడు. ఆగడం తప్పు కాదు. ఆ రాత్రి నాకు ఆయన మీద గౌరవమే పెరిగింది.

ఆయన వాళ్ళది ధర్మవరం. వాళ్ళ అన్న, మా బావ, ఇంట్లోనే మగ్గం మీద పట్టు చీరలు నేస్తాడు. సెలవు రోజుల్లో ఆయన ధర్మవరం పోవడం మొదలుపెట్టాడు. నేసిన చీర చుట్టుకునే గుండ్రటి కొయ్య ఒకటి వాళ్ళింట్లో ఉంది, వాడి వాడి నున్నగా అయింది. దాని మీద పట్టుదారం వరసగా చుట్టి, విప్పి, నేల మీద పరిచి పొడవు కొలిచేవాడు.

"ఏమబ్బా, చీరకు పెట్టాల్సిన దారం కొయ్యకు చుడ్తాండావు" అని బావ మొదట్లో నవ్వేవాడు. తమ్ముడికి చదువంటే ఉన్న ఇష్టం బావకు తెలుసు. మగ్గం ముందు కూర్చోబెట్టకుండా బడికి పంపింది ఆయనే.

ఒక ఆదివారం సాయంత్రం మా ఆయన ధర్మవరం నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నన్ను పిలిచాడు.

"దొరికింది. అడ్డుకొలత ఇరవై ఉంటే చుట్టుకొలత అరవై మూడు. మిగులు లేదు, తరుగు లేదు. ఇరవైకి అరవై మూడు. భిన్నమే. ఆ పాప అడిగింది న్యాయమే."

అంటే మూడు పాయింటు ఒకటి అయిదు. నిజమైన విలువ కంటే ఎక్కువ. ఎందుకు ఎక్కువ వచ్చిందో నాకు వెంటనే తట్టింది. దారానికి కూడా మందం ఉంటుంది. ఆయన కొలిచింది కొయ్య చుట్టుకొలత కాదు, కొయ్యకు కాస్త బయటగా ఉన్న దారం చుట్టుకొలత. అదే చెప్పాను.

"ఆ మందం ఎంతని? కొంచెం."

"మనం వెతికేది ఆ కొంచెమే కదా" అన్నాను.

ఆయన నవ్వలేదు. అప్పటిదాకా లెక్కల్లో నేను ఏం పట్టుకున్నా నవ్వి ఒప్పుకునే మనిషి. సన్న దారంతో మళ్ళీ చుట్టాడు. మళ్ళీ మళ్ళీ చుట్టాడు. గట్టిగా లాగి ఒకసారి, వదులుగా ఒకసారి. తనకు కావలసిన అంకె వచ్చేదాకా కొలిచాడు. వచ్చిన రోజు కొలవడం ఆపాడు.

నేను ఇంకో దారి పట్టాను. కొలత వద్దు, తర్కంతోనే చెబుతాను అనుకున్నాను. అడ్డుకొలత ఇరవై ఉన్న వృత్తం బయట దాన్ని తాకుతూ ఒక షడ్భుజి గీసి, భుజాలను రెట్టింపు చేస్తూ నలభై ఎనిమిది భుజాల దాకా పోయాను. కాలిక్యులేటరు పక్కన పెట్టి, వర్గమూలాలన్నీ చేత్తోనే కట్టి, ఆ బయటి బొమ్మ చుట్టుకొలత తేల్చాను. అది ఆయన అరవై మూడు కంటే తక్కువ వచ్చింది.

"బయటి కంచె పొడవు లోపలి కంచె కంటే తక్కువ ఎట్లా అవుతుంది? మీరే చెప్పండి" అన్నాను.

ఆయన ఆ కాగితాలను చాలాసేపు చూశాడు. ఒక్కో మెట్టు దగ్గర పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. చివరిదాకా ఒక్క తప్పూ దొరకలేదు. నా గుండె తేలికపడింది. అయిపోయింది, రేపటి నుంచి మామూలుగా ఉంటాం అనుకున్నాను.

"ఈ వర్గమూలాలు కూడా అంతం లేనివే కదా" అన్నాడు కాగితాలు నా వైపు తోసి. "నువ్వు అబద్ధాన్ని తెచ్చి అబద్ధంతోనే కొలుస్తాండావు."

నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. తప్పు చేసిన వాడికి తప్పు చూపించవచ్చు. తప్పు చూపించే దారినే మూసేసుకున్న వాడికి ఏం చూపించాలి? నాకు తెలిసిన విద్య అదొక్కటే. అది ఆయన దగ్గర పనిచేయడం లేదు.

తర్వాత ఘనాల మీదికి పోయాడు. వృత్తం మారితే స్తూపం మారాలి, శంకువు మారాలి, గోళం మారాలి. మా బడి నుంచి షాట్‌పుట్ గుండు తెచ్చిపెట్టమన్నాడు. వ్యాయామం సారును అడిగి, టిఫిన్ సంచిలో వేసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. గోళంతోనైనా నిజం తేలుతుందేమో అనే ఆశ. మా వీధికి కొళాయి నీళ్ళు వచ్చేది ఎప్పుడో ఒకసారి. డ్రమ్ములో పట్టి పెట్టుకున్న ఆ నీళ్ళను బిందెకు అంచుదాకా పోసి, గుండును మెల్లగా దించి, పొర్లిన నీళ్ళు కొలిచేవాడు. అంచు మీద నీళ్ళు ఉబ్బి నిలబడతాయి. కొన్ని బిందె పక్కల నుంచి జారి నేలలో ఇంకిపోతాయి. నేను చెబితే వినలేదు. ఇల్లంతా తడి. వంటకు చెంబెడు నీళ్ళు పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను. మా అమ్మాయి నేల తుడిచేది.

బడిలో ఆయన పిల్లలకు తన విలువతోనే లెక్కలు చేయించడం మొదలుపెట్టాడు. పరీక్షలో అట్లా రాసిన వాళ్ళకు మార్కులు వేశాడు. తల్లిదండ్రులు పోయి అడిగారు. యాజమాన్యం పిలిపించి, మీ పరిశోధన ఇంట్లో పెట్టుకోండి సార్, ఇక్కడ పుస్తకంలో ఉండేది చెప్పండి చాలు అందట.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"అబద్ధమని తెలిసినాక పిల్లోళ్ళకు ఎట్ల చెప్పేది? చెప్పనన్నా. అయితే రావద్దన్నారు."

మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు తీసుకుంటూ, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా చెప్పాడు. నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడ్డాను. పొయ్యి వెలిగించాలన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

అనంతపురంలో ఒక డాక్టరుకు చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఇంకే విషయంలోనూ మాటలో తేడా లేదు, నిద్ర తక్కువైంది అని మాత్రలు రాశాడు. బయటికి వచ్చాక మా ఆయన నాతో, "నేను పిచ్చోణ్ణి కాదు. లెక్కను లెక్కతో కొట్టు. మాత్రతో కొట్టాలని చూడొద్దు" అన్నాడు. లెక్కతో కొట్టి ఓడిపోయిన దాన్ని నేనే కదా.

విశ్వవిద్యాలయాలకు రాశాడు. ఎవరూ జవాబివ్వలేదు. జవాబు రాకపోవడాన్ని భయం అనుకున్నాడు. కాదనలేక ఊరుకున్నారు అన్నాడు.

ఆ ఏడాది పెనుకొండలో చుట్టుపక్కల బడుల లెక్కల టీచర్లందరికీ సమావేశం పెట్టారు. నేను ముందు వరసలో కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు దగ్గర ఆయన కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని ఉన్నాడు. నాకు చెప్పలేదు. సమావేశం నడిపే పెద్దాయనకు నమస్కారం పెట్టి, పది నిమిషాలు ఇవ్వమని అడిగాడు. ఆయన మంచివాడు, ఇచ్చాడు.

మా ఆయన బోర్డు మీద వృత్తం గీశాడు. చేత్తో ఒక్క ఊపున అంత గుండ్రంగా గీసే వాళ్ళను నేను ఇప్పటికీ చూడలేదు. తొమ్మిదో తరగతి పాప అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టాడు. గది నిశ్శబ్దంగా వింది. అది మాలో ప్రతి ఒక్కరూ తప్పించుకున్న ప్రశ్నే. కానీ ఇరవైకి అరవై మూడు అని రాసేసరికి వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది. ఎవరో, "అట్లయితే సార్, గుండ్రటి బావులన్నీ మళ్ళీ తవ్వాల్సిందే" అన్నారు. ఇంకొకరు, "మేడమ్ ఈడే ఉండారు కదా, ఆమెను అడగండి" అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. ఆయన కూడా తిరిగాడు. సుద్దముక్క పట్టుకున్న చేయి అట్లాగే పైకే ఉంది.

"చెప్పు" అన్నాడు. "ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలు నాకు."

ఒప్పుకుంటే ఈ గదిలో ఇంక నేను లెక్కల టీచరును కాను. ఒప్పుకోకపోతే ఏమవుతానో నాకు తెలుసు. లేచి నిలబడి, "ప్రశ్న సరైనదే. విలువ తప్పు. నేను ఒప్పుకోను" అన్నాను.

ఆయన తల ఊపాడు. బోర్డు తానే తుడిచి, కాగితాలు చుట్టుకుని, పెద్దాయనకు మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం బస్టాండులో హిందూపురం బస్సు ఎక్కితే ముందు సీట్లో ఆయనే ఉన్నాడు. పక్కన చోటున్నా పిలవలేదు. నేను వెనక కూర్చున్నాను. దారంతా ఆయన మెడ వెనక భాగమే చూస్తూ వచ్చాను.

అప్పటికి మా అమ్మాయి పదో తరగతిలో ఉంది. ఇంట్లో వాళ్ళ నాయన దగ్గర కూర్చుంటే ఆయన విలువతో లెక్క చేసేది. బడిలో పుస్తకం విలువతో చేసేది. రెండిట్లోనూ ఎక్కడా తప్పు పోయేది కాదు. రెండూ ఎట్లా మోస్తున్నావే అని ఒకసారి అడిగాను. "ఏం బరువు కాదులేమ్మా" అంది. నేను నమ్మాను. నమ్మడం నాకు అవసరమైంది.

పబ్లిక్ పరీక్షల్లో లెక్కల పేపరు రోజున నేను సెలవు పెట్టి గేటు బయట నిలబడ్డాను. అది వచ్చే పద్ధతి చూసి పేపరు బాగుందనుకున్నాను. నెమ్మదిగానే నడిచి వచ్చింది. ప్రశ్నపత్రం నా చేతికిచ్చింది. శంకువు కింద అర్ధగోళం అతికించిన బొమ్మ, దాని ఘనపరిమాణం కనుక్కోవాలి. పక్కనే కుండలీకరణాల్లో, పై విలువ ఇరవై రెండు బై ఏడుగా తీసుకోండి అని ఉంది.

"ఇది సులభమే కదా" అన్నాను.

"రాయలేదమ్మా."

"ఎందుకు? టైము చాలలేదా?"

"చాలింది. ఆ పాఠంలోవి ఏవీ రాయలేదు." పెన్ను సంచిలో పెట్టుకుంటూ, "పుస్తకంలోది రాస్తే నాయన బాధపడతాడు. నాయనది రాస్తే నువ్వు బాధపడతావు. యాది రాద్దామన్నా చెయ్యి రాలేదు. వదిలేసినా" అంది.

ఆటోలో ఇంటికి వస్తూ ప్రశ్నపత్రాన్ని మడుస్తూ విప్పుతూ ఉన్నాను. అది నా చేయి పట్టుకుని కూర్చుంది. నన్ను ఓదార్చాల్సిన వయసా దానిది?

ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను. కోపంతో చెప్పలేదు. చివరి ఆశతో చెప్పాను. కూతురు కోసమైనా కదులుతాడు, తల పట్టుకుని ఏడుస్తాడు, నేనేం చేసినానే అంటాడు అనుకున్నాను. ఆయన ప్రశ్నపత్రం తీసుకుని ఆ బొమ్మను చూశాడు.

"నాదే రాసింటే బాగుండు కదా పాపా. దిద్దేటోళ్ళలో ఒకరన్నా ఆలోచించి ఉందురు" అన్నాడు.

మా అమ్మాయి ఆయన్ని చూసింది. అట్లా చూడడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు ఆయనకూ వినిపించింది. అప్పుడు మాత్రం ఆయన కాగితం పక్కన పెట్టాడు. తలుపు దగ్గరికి పోయి, "పాపా" అని పిలిచాడు. తలుపు కొట్టడానికి చేయి ఎత్తి, తట్టకుండానే దించుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున ధర్మవరం బండి ఎక్కిపోయాడు. వస్తాడులే అనుకున్నాను. రాలేదు. ఫోను చేస్తే బావ తీశాడు. "ఈడే ఉండాడమ్మా. తింటాండాడు. నువ్వు దిగులు పడొద్దు" అన్నాడు.

ఫలితాలు వచ్చాయి. అమ్మాయి పాసయింది. లెక్కల్లో మాత్రం మిగతా వాటికంటే తక్కువ. ఇంటర్లో ఏ గ్రూపు అంటే, లెక్కలు లేనిది ఏదైనా ఫరవాలేదు అంది. మాట్లాడి చూశాను. అది నవ్వి, "ఇంట్లో ఉండే లెక్కలు చాలులేమ్మా" అంది. దరఖాస్తు మీద నేనే సంతకం చేశాను.

ఆ సెలవుల్లోనే ఒక్కదాన్నే ధర్మవరం పోయాను. బావ నన్ను గుమ్మంలోనే ఆపి మెల్లగా చెప్పాడు.

"పొద్దున నాతోపాటు కూర్చుంటాడు. పోగు అతకడం మర్చిపోలేదు, చెయ్యి బాగుండాది. సాయంత్రమయితే మిద్దె మీదికి పోయి గీసుకుంటాడు. చదివిస్తే బాగుపడతాడనుకుంటినమ్మా. నేనే మగ్గంలో ఉంచుకోనింటే ఇట్లయి ఉండునా?"

ఆ మనిషికి నేనేం చెప్పగలను? మీ తప్పు కాదు బావా అన్నాను.

మిద్దె మీద ఆయన నీడపట్టున కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి కూర్చోమని చాప జరిపాడు. పాప ఎట్లుండాదని అడిగాడు. గ్రూపు సంగతి చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు.

"ఇంటికి రండి" అన్నాను. "ఏ బడీ వద్దు, ఏ పనీ వద్దు. ఊరికే వచ్చి ఇంట్లో ఉండండి చాలు. అది మిమ్మల్ని అడగదు, నేనూ అడగను."

"ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలన్నా కదా ఆ రోజు. అంతే. ఇంకేం లేదు నాకు."

ఆ క్షణంలో నాకు లెక్కలు అక్కర్లేకపోయాయి. నలభై ఎనిమిది భుజాలూ, చేత్తో కట్టిన వర్గమూలాలూ, నేను ఇన్నేళ్ళు పిల్లల ముందు నిలబడి చెప్పినవన్నీ ఒక పక్క. ఈ గడ్డం నెరిసిన మనిషి ఇంకో పక్క.

"ఒప్పుకుంటున్నాను" అన్నాను. "మీది సరైనదే. ఇరవైకి అరవై మూడే. నేనే తప్పు చేశాను. రండి."

ఆయన నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. పెళ్ళయిన కొత్తలో నా లెక్క సరిచూసేటప్పుడు అట్లాగే చూసేవాడు, ఎక్కడ తప్పుందో నేనే చెప్పేదాకా.

"నువ్వు ఒప్పుకోలేదు" అన్నాడు. "నీకు లెక్కలొచ్చు. నా మీద జాలితో అంటాండావు."

ఏడ్చాను. బతిమాలాను. ఆయన కసురుకోలేదు, విసుక్కోలేదు. నా భుజం మీద చేయి వేసి, ఎండ ఎక్కువవుతుంది, అన్నం తిని బండికి పో అన్నాడు. కింద మా తోటికోడలు అన్నం పెట్టింది. ఆయన నా పక్కనే కూర్చుని తిన్నాడు. స్టేషను దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, నీళ్ళ సీసా కొనిచ్చాడు. బండి కదిలేదాకా నిలబడ్డాడు. చేయి ఊపలేదు.

ఇంటికి చేరేసరికి అమ్మాయి పప్పు పొయ్యి మీద పెట్టి, అన్నం గిన్నె కడుగుతోంది.

"వస్తాండాడా నాయన?" అని అడిగింది, నా వైపు తిరక్కుండానే.

"ఇప్పుడే కాదు" అన్నాను.

అది గిన్నె వంచి నీళ్ళు వంపేసింది. ఇద్దరికే బియ్యం వేసింది.